కలర్ క్యాస్ట్ (ఫోటో మొత్తం మీద పడే అక్కరలేని రంగు ఛాయ) పూర్తిగా తీసేయాలా, కొంత ఉంచాలా?

కొబ్బరితోట: అమలాపురం వైపు పెళ్ళి ఫోటోలు చేస్తుంటానండి. తోటలో తీస్తే పెళ్ళికూతురి మొహం ఆకుపచ్చగా వస్తోంది. నేను ఐడ్రాపర్‌తో (నొక్కిన చోటు రంగులేనిదనుకుని ఫోటో మొత్తాన్ని సరిచేసే ఎడిటింగ్ టూల్) తెల్లటి చోట నొక్కేసి మొత్తం తీసేస్తాను. మా అసిస్టెంట్ ఏమో తోట అన్నాక ఆ ఛాయ కాస్త ఉండాలంటాడు. ఏది కరెక్ట్?

గోదారిగట్టు: తీసేయాల్సిందే, ఇందులో చర్చేముంది. టింట్ స్లయిడర్‌ని మెజెంటా వైపు జరపండి చాలు. టెంపరేచర్ ముట్టుకోకండి, అది నీలం పసుపుల లెక్క, ఆకుపచ్చతో దానికి పనిలేదు.

లంకవాసి: ఆయ్, టింట్ సంగతి నిజమే గానీ "పూర్తిగా" అంటే నేనొప్పుకోను. ముందు ఆ ఐడ్రాపర్ ఎక్కడ నొక్కారో చెప్పండి. మధుపర్కాల మీదైతే అవి తెలుపు కానే కాదు, పసుపు తగిలిన నూలుబట్ట, అక్కడ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ పసుపునే తప్పనుకుని ఫోటో మొత్తాన్ని నీలం వైపు తోసేస్తుంది. నీలిమందు పెట్టిన పంచె మీద నొక్కారా, సరిగ్గా రివర్స్. ఆటో, అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే రంగులు సరిచేసే బటన్, ఇంకా ఘోరం. ఫ్రేములోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు రావాలని అనుకోవడం దాని పాత పద్ధతుల్లో ఒకటి. మన డెల్టాలో ఆ లెక్క ఎక్కడ నిలుస్తుందండీ, ముప్పాతిక ఫ్రేము వరిచేలూ కొబ్బరాకులే అయితే సగటు ఆకుపచ్చే కదా! దాన్ని క్యాస్ట్ అనుకుని మెజెంటా కలిపేస్తుంది, చేలు మాసిపోతాయి, మనుషులు గులాబీ రంగుకి తిరుగుతారు. వరదల టైములో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎర్రనీళ్ళు తీసి ఆటో కొట్టి చూడండి, గోదారి బూడిదరంగులోకి దిగిపోతుంది.

గోదారిగట్టు: వరద వేరు, పెళ్ళి వేరు మాస్టారూ. గోదారి వచ్చి ఆల్బమ్‌కి డబ్బులడగదు, పెళ్ళికూతురి తల్లి అడుగుతుంది.

లంకవాసి: అందుకేగా మొహానికి విడిగా మాస్క్ (ఎంచుకున్న భాగాన్ని మాత్రమే సరిచేసే టూల్) వేయమనేది. చర్మం మీద ఆకుపచ్చ తగ్గించండి, వెనక తోటని దాని మానాన వదిలేయండి. మొహంలో కూడా సున్నాకి లాగొద్దు, చుట్టూ ఆకుల వెలుగుండి మనిషి మాత్రం స్టూడియోలో నిలబడ్డట్టు కనిపిస్తే అతికించినట్టుంటుంది. తీసేటప్పుడే మొహం పక్కన గ్రే కార్డ్ (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) పట్టుకుని ఒక షాట్ తీసుకుని, ఐడ్రాపర్ దాని మీద నొక్కితే అదే వెలుగులో తీసినవాటన్నిటికీ ఆ సెట్టింగే కాపీ చేసుకోవచ్చు, పంచెలతో పనే ఉండదు. చోటు మారితే కార్డ్ మళ్ళీ పట్టాలి.

పాతకెమెరా: నావన్నీ జేపెగ్‌లే. కొంచెం ఎక్కువ లాగితే బుగ్గల మీద చారలొస్తున్నాయి.

లంకవాసి: వస్తాయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రా ఫైల్లో (కెమెరా సెన్సర్ పట్టింది ప్రాసెస్ చేయకుండా దాచే ఫైలు) 16,384. రాలో తీయండి.

పాతకెమెరా: రాత్రి రేవు దగ్గర సోడియం లైట్ల కింద తీసినవి?

గోదారిగట్టు: అవి బ్లాక్ అండ్ వైట్ చేసేయండి బాబూ. ఆ వెలుగులో నీలం దాదాపు ఉండదు, లేని రంగుని స్లయిడర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది, చుక్కచుక్కల నాయిస్ తప్ప ఏమీ రాదు. దీంట్లో లంకవాసి గారికీ నాకూ గొడవ లేదనుకుంటా.

లంకవాసి: లేదండి. పెళ్ళి దగ్గర మాత్రం ఉంది.

కొబ్బరితోట: సరే, ఒకే ఫోటో రెండు రకాలుగా చేసి పెళ్ళివారికి చూపిస్తాను. ఏది తీసుకున్నారో ఇక్కడే చెప్తా.