అమ్మ దేవుడి గూట్లో దొరికిన ముడుపు: ఆ మొక్కు ఇప్పుడు ఎవరిది?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మ గత భాద్రపదంలో కాలం చేశారు. ఏడాది నిండలేదు కాబట్టి ఇంట్లో పండుగలు చేసుకోవడం లేదు. సంవత్సరీకం అయ్యేదాకా కొండ ఎక్కకూడదన్న మా ఇంటి ఆచారాన్ని కూడా పాటిస్తున్నాము. పోయిన వారం గోడకు చెమ్మ పట్టిందని దేవుడి గూడు ఖాళీ చేస్తుండగా, పటాల వెనుక మేకుకు వేలాడుతున్న ఒక చిన్న మూట నా చేతికి వచ్చింది. అది పసుపు గుడ్డ అని పోల్చుకోవడానికి మడతల లోపల చూడవలసి వచ్చింది; పైభాగమంతా సాంబ్రాణి పొగకూ దీపం నూనె జిడ్డుకూ మట్టిరంగుకు తిరిగిపోయింది. ముడి దగ్గర గుడ్డ చివికిపోయి ఉండటం వల్ల చేతిలోకి తీసుకోగానే అదంతట అదే విడిపోయింది. లోపల పదకొండు రూపాయి బిళ్ళలు, ఎండి రాయిలా అయిపోయిన ఒక పసుపు కొమ్ము, కాగితమంత పలుచని ఒక జత వెండి కళ్ళు ఉన్నాయి.

అమ్మ ఈ ముడుపు గురించి మాకెవరికీ చెప్పలేదు. ఏ దేవుడికి కట్టారో, ఎవరి కోసం కట్టారో, ఎందుకు చెల్లించలేదో చెప్పగలిగినవారు ఇంట్లో లేరు. నాన్నగారు అంతకుముందే వెళ్ళిపోయారు. విషయం తెలిసిన ఒక బంధువు, తీర్చని మొక్కు పిల్లల మీద పడుతుందని మా ఆవిడతో అన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర పట్టడం లేదు. నేను భయపడేవాడిని కాను గాని, అమ్మ నోటి మాట ఒకటి అలా గాలిలో వేలాడుతున్నదంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఒకరు మొక్కిన మొక్కు వారు పోయిన తరువాత కొడుకును కట్టివేస్తుందా? దేవుడెవరో తెలియనప్పుడు దీనిని ఎక్కడ చెల్లించాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మగారి విషయం తెలిసి బాధ కలిగింది. మీ ఆవిడ గారి భయానికి ముందు సమాధానం చెప్పడం నా ధర్మమనిపిస్తున్నది, కాబట్టి మిగతావి తరువాత చెబుతాను.

తీర్చని మొక్కు గురించి మనకున్న కథల్లో చాలా పాతది ఐతరేయ బ్రాహ్మణమనే వేదభాగంలో ఉన్నది. సంతానం లేని హరిశ్చంద్రుడు నారదుని మాట మీద వరుణుని ఆశ్రయించి, కొడుకు పుడితే ఆ కొడుకునే నీకు యజ్ఞంలో అర్పిస్తానని మొక్కుకున్నాడు. రోహితుడు పుట్టగానే వరుణుడు వచ్చి అడిగితే, పది రోజులు గడవనీయమన్నాడు. తరువాత పళ్ళు రానీయమన్నాడు, అవి ఊడనీయమన్నాడు, మళ్ళీ మొలవనీయమన్నాడు, చివరికి ఆయుధం పట్టే వయసు రానీయమన్నాడు. ఆ వయసు వచ్చి సంగతి చెప్పేసరికి రోహితుడు విల్లు పుచ్చుకుని అడవికి వెళ్ళిపోయాడు. అప్పుడు జలోదరం పట్టుకున్నది ఎవరిని? మాట ఇచ్చి వాయిదాలు వేసిన తండ్రిని. ఏ మాటా ఇవ్వని రోహితుడికి ఏమీ కాలేదు. అయినా తండ్రికి బాగాలేదని వినగానే ఆ కొడుకు ఊరికి తిరిగి రాబోయాడు. తుదకు అతనికి బదులుగా నూరు ఆవులిచ్చి కొన్న శునశ్శేపుడనే బ్రాహ్మణ కుమారుడు యూపానికి, అంటే యజ్ఞస్తంభానికి, కట్టబడి దేవతలను స్తుతిస్తే అతని పాశాలు ఊడిపోయాయి, రాజు రోగమూ తగ్గింది. మొక్కు పిల్లల మీద పడుతుందన్నవారికి ఈ కథ చెప్పండి. మీ మనసు ఇప్పుడు కదులుతున్నది రోహితుడు వెనక్కి రాబోయినట్లే. దానికి భయం కారణం కానక్కరలేదు.

ఇక మాట ఎవరిది అన్న ప్రశ్న. వ్రతానికి మనం సంకల్పం చెప్పుకునేటప్పుడు శ్వేతవరాహకల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమపాదం అంటూ మొదలుపెట్టి ఈనాటి తిథి వారాల దాకా దిగివస్తాము. అలాగే జంబూద్వీపం నుంచి బయలుదేరి, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ రెండు నదుల నడుమ కూర్చున్నామో అక్కడికి చేరుకుంటాము. మీరు మీ ఇంట్లో కూర్చుంటే కృష్ణా గోదావరుల మధ్యదేశం అంటారు. వారధి దాటి వచ్చి మా ఇంట్లో కూర్చుంటే కృష్ణా కావేరుల మధ్యదేశం అనవలసి ఉంటుంది. ఆ తరువాత గోత్రం, పేరు. ఇంత పట్టుగా చెప్పుకునేది, ఈ పని చేస్తానన్న మనిషి ఎవరో అనుమానానికి తావు లేకుండా ఉండటానికే. ‘సహకుటుంబానాం’ అన్నప్పుడు ఫలాన్ని ఇంటిల్లిపాదికీ పంచుతాము గాని, చేస్తానన్న మాట ఆ పేరు గలవారిదే. మొక్కుకు నీళ్ళు వదలడం లేదు, పురోహితుడు లేడు, తిథి కూడా లేదు. ఆసుపత్రి వరండాలో భయపడిన తల్లి మనసులో అనుకున్న మాట అది. అయినా అదీ ఆ తల్లి మాటే, మీరిచ్చినది కాదు.

కాని మీరు తీర్చవచ్చునా అంటే తప్పకుండా తీర్చవచ్చు. భార్య, కొడుకు, పురోహితుడు వంటివారు ప్రతినిధిగా వ్రతం పూర్తిచేయవచ్చునని నిబంధాలనే ధర్మశాస్త్ర సంకలన గ్రంథాలు ఒప్పుకున్నాయి. కోరిక కోసం చేసే కామ్య వ్రతానికి మొదట్లో ప్రతినిధి పనికిరాడు గాని, ఒకసారి మొదలైన తరువాత పనికివస్తాడని అవే చెబుతున్నాయి. ముడుపు కట్టి మేకుకు వేలాడదీయడం మొదలుపెట్టడమేనని నా అభిప్రాయం. మీ ఆచారం ప్రకారం సంవత్సరీకం వరకు ఆగండి, తొందర లేదు.

జవాబు (మంగళగిరి)

పెద్దవారు శాస్త్రం చెప్పారు, నేను ఆడవాళ్ళకు తెలిసిన సంగతి చెబుతాను. ముడుపు కట్టేటప్పుడు తెల్ల గుడ్డను ఉతికి, పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టి, పదకొండు రూపాయలో, పావలా చెల్లిన రోజుల్లో అయితే రూపాయి పావలానో పెట్టి మూడు ముళ్ళు వేస్తాము. వెండి కళ్ళు ఊరికే పెట్టరండి. ఇంట్లో ఎవరికో కంటి జబ్బు చేసి ఉంటుంది. నాణేల మీద సంవత్సరాలు చూడండి. వాటిలో అన్నిటికన్నా కొత్త నాణెం ఏ సంవత్సరానిదో, మొక్కు ఆ ఏడాదిదో ఆ తరువాతిదో అయి ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరి కన్ను బాగాలేదో మీ అమ్మగారి తోబుట్టువులను అడగండి. మగవాళ్ళకు చెప్పని మాటలు అక్కచెల్లెళ్ళకు చెప్పుకుంటాము.

ఇంకొకరి కోసం మొక్కడం గురించి నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. ఆరేళ్ళ కిందట మా అమ్మాయికి డెంగీ వచ్చి రక్తకణాలు పడిపోయినప్పుడు, నేను తిరుమల స్వామికి పిల్ల తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. పిల్ల కోలుకున్నది. ఇంజినీరింగు మొదటి ఏడు చదువుతున్న పందొమ్మిదేళ్ళ ఆడపిల్లను కూర్చోబెట్టి ఆ మాట చెబితే, తను ఏడ్వలేదు, కోప్పడలేదు. జడ ముందుకు వేసుకుని దాన్నే చూస్తూ, ‘నువ్వు మొక్కేటప్పుడు నేను పక్క మంచం మీదే ఉన్నాను కదమ్మా, నన్ను ఒక్క మాట అడగవలసింది’ అన్నది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. నా ప్రాణం ఇస్తానంటే నాది. పిల్ల జుట్టు నాదెలా అయింది? చివరికి ఇద్దరం కొండకు వెళ్ళాము. నేను పూర్తిగా తలనీలాలు ఇచ్చాను. అమ్మాయి తనంతట తానే ముందుకు వచ్చి మూడు కత్తెరలు ఇచ్చింది. అప్పటి నుంచి మొక్కవలసి వస్తే నా ఒంటితో, నా చేతి డబ్బుతో తీరేది మాత్రమే మొక్కుతున్నాను. మా పానకాల స్వామికి పానకం మొక్కుకున్నామంటే బెల్లం మనమే కొని తెచ్చుకుంటాము. శంఖంతో నోట్లో పోస్తుంటే గుటక శబ్దం ఆగిపోయాక మిగిలిన సగం మన చేతికే ప్రసాదంగా వస్తుంది. అందులో ఎవరి మీదా బరువు పడదు.

జవాబు (లబ్బీపేట, విజయవాడ)

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూనే, ఒక విషయంలో కొంచెం గట్టిగా చెప్పవలసి ఉన్నది. భయం వద్దనడం సరైనదే గాని, తొందర లేదన్న మాట మనవంటివారికి ప్రమాదకరం. మనం నెలనెలా వినే సత్యనారాయణ వ్రత కథలో సాధువనే వైశ్యుడు దేవుడిని కాదనలేదు. సంతానం కలిగితే చేస్తానన్నాడు, కళావతి పుట్టాక పెళ్ళికి చేస్తానన్నాడు, పెళ్ళయ్యాక మరిచిపోయాడు. అల్లుడితో సహా అతను చంద్రకేతు మహారాజు గారి చెరసాలలో పడింది ఆ మరుపు వల్లనే. కాబట్టి సంవత్సరీకం వరకే ఆగండి, ఆ తరువాత ఒక తేదీ రాసుకుని ఆ రోజున బయలుదేరండి. మొక్కుబడి అనే చక్కని మాట ఉన్నది మనకు. మాటకు కట్టుబడి ఉండటం అందులోని భావం. ఏదో అయిందనిపించే పనికి ‘మొక్కుబడిగా చేశాడు’ అనే దాకా ఆ మాటను దిగజార్చినది మన వాయిదాలే.

కట్టుబడి ఉండటమంటే మొండితనం అని మాత్రం అనుకోకండి. నేను అయ్యప్ప మాల వేసుకున్న మూడో ఏట, నలభై ఒక్క రోజుల దీక్షలో ఇరవై ఏడవ రోజు తెల్లవారుజామున మా నాన్నగారు పోయారు. కబురు వినగానే నాకు తండ్రి పోయిన దుఃఖం కన్నా ముందు, దీక్ష ఏమవుతుందన్న ఆలోచన వచ్చింది. అది చెప్పుకోవడానికి ఈ రోజుకీ సిగ్గుగా ఉన్నది. గురుస్వామి మా ఇంటికే వచ్చి, తన చేతులతో మాల తీసి దేవుడి పటానికి వేసి, ‘ఇప్పుడు నువ్వు స్వామివి కాదు, కొడుకువి, వెళ్ళి నాన్న దగ్గర కూర్చో’ అన్నారు. దగ్గరివారు పోతే మాల తీయాలన్నది దీక్షలోనే ఉన్న నియమం. అలాగే మధుమేహం ఉన్న మా ఆవిడ ఏకాదశి ఉపవాసాలు మొక్కుకుని మందు బిళ్ళ కూడా మానేస్తే, మా పురోహితుడు మహాభారతంలోని విదురనీతి చదివి వినిపించారు. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అన్న ఎనిమిదీ వ్రతాన్ని చెడగొట్టవని అందులో ఉన్నది. ఆ పూటే బిళ్ళ వేసుకుని పాలు తాగింది.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (సత్యనారాయణపురం)

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మంగళగిరి అమ్మగారు చెప్పినట్లు నాణేలను చింతపండుతో తోమి చూశాను. అన్నిటిలో కొత్తది 1995 నాటి చిన్న స్టీలు రూపాయి. తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోను చేసి వెండి కళ్ళ సంగతి చెప్పగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. 1996 సంక్రాంతికి మేము తాతగారి ఊళ్ళో ఉన్నప్పుడు, నూర్పిళ్ళ దగ్గర ఆడుకుంటున్న మా అక్క కంట్లో ఊక నలుసు పడి నల్లగుడ్డు మీద పుండు అయిందట. అక్కకు అప్పుడు ఎనిమిదేళ్ళు. చూపు దక్కుతుందని డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదట. అమ్మ వన్‌టౌన్‌లో వెండి కళ్ళు చేయించి, కన్ను నిలబడితే పిల్లను వెంటబెట్టుకుని కొండకు వచ్చి అప్పగిస్తానని ముడుపు కట్టిందట. ఏ కొండ అన్నది పెద్దమ్మకు కూడా తెలియదు. మనకు ఇంద్రకీలాద్రి కొండే, మంగళగిరి కొండే, కోటప్పకొండ కొండే, తిరుమల కొండే కదా. ఆ తరువాత నాన్నగారి దుకాణం మూతపడటం, నాయనమ్మ మంచాన పడటం, అమ్మకు మోకాళ్ళు పట్టుకుపోవడం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

పెద్దమ్మ చెప్పిన మరొక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ కళ్ళు అప్పగించేదాకా మామిడిపండు ముట్టనని కూడా అమ్మ అనుకున్నదట. మా ఇంటికి ఏటా నూజివీడు రసాలు బుట్టలతో వచ్చేవి. అమ్మ వాటిని గడ్డిలో మాగబెట్టి, రోజూ సాయంత్రం పండినవి ఏరి, నీళ్ళలో నానవేసి మాకు పెట్టేది. తను తినకపోతే, వేడి చేస్తుందని మానేసిందనుకున్నాము. ఆ మాట అమ్మే చెప్పింది. మొన్న వైశాఖ మాసికానికి ఆవిడకు ఇష్టమైనవి ఏమిటని వంటవారు అడిగినప్పుడు, మామిడిపండు అక్కర్లేదు, అమ్మ తినదు అని చెప్పినది నేనే.

అక్కకు నిన్న చెప్పాను. ఆ కంటితోనే బడిలో ఏళ్ళ తరబడి పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నదీ అక్క. ముడుపును తానే తీసుకువెళ్తానని, సంవత్సరీకం మరునాడే బయలుదేరదామని అన్నది. ఏ కొండకు వెళ్ళాలో చెప్పగలరా?

జవాబు (మంగళగిరి)

కళ్ళు తుడుచుకుని రాస్తున్నాను. దేవుడెవరో తెలియనప్పుడు ఇలవేల్పుకు అప్పగించడం మా వైపు వాడుక. మీ ఇలవేల్పు ఎవరో ఆ కొండకే వెళ్ళి, ఇది మా అమ్మ నీకు గాని, నీలాగే మరొక కొండ మీద ఉన్నవారికి గాని కట్టినదని చెప్పి మీ అక్క గారి చేత హుండీలో వేయించండి. పాత గుడ్డను పారవేయవద్దు. కొత్త గుడ్డను పసుపులో తడిపి ఆరబెట్టి, పాత గుడ్డతో సహా అన్నీ అందులో ఉంచి మీ అక్క గారు మూడు ముళ్ళు వేయాలి. సంవత్సరీకం దాకా మళ్ళీ ఆ మేకుకే వేలాడదీయండి. అప్పటికి రసాల కాలం అయిపోతుంది కాబట్టి, వచ్చే మాసికానికి దొరికితే ఒక పండు తప్పకుండా పెట్టించండి.