కాలువ కింద వరికి ఆరుతడి ఎలా? పై చేను నీళ్లు మన చేలోకి వస్తుంటే?

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టా, కాలువ కింద వరి. చేలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే మట్టికి గాలి అందక మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. ఆరుతడి, అంటే చేను కాస్త ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే ఇది బాగా తగ్గుతుంది. పద్ధతి కష్టమేం కాదు: చిల్లులు పెట్టిన అడుగు పొడవు పైపు ముక్క చేలో పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టడం. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు.

చిక్కల్లా ఒకటే. మా దగ్గర నీళ్లు బోదెలోంచి (చిన్న పిల్ల కాలువలోంచి) నేరుగా రావు, పై చేలోంచి కిందికి దిగుతాయి. నేను ఆరబెడదామనుకున్నా పక్కాయన నీళ్లు వదిలితే అంతే! దాళ్వాలో (రబీ వరిలో) వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తాయోనని అందరికీ టెన్షన్, అందుకే వచ్చినప్పుడే నిండా పెట్టేస్తారు. (వాళ్లనీ తప్పు పట్టలేం.) చేను చేనుకీ బోదె తవ్వించడం సర్కారు పనే అంటాను.

కాలువ కింద ఎవరైనా ఆరుతడి చేశారా? తూము కింద రైతులందర్నీ ఎలా ఒప్పించారు? కలుపు పెరిగిందా? మీథేన్ తగ్గించినందుకు కార్బన్ క్రెడిట్ డబ్బులిస్తామనే కంపెనీల అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి? నేను కౌలు రైతుని, సంతకం నేను పెట్టాలా, ఆసామి పెట్టాలా?