వలందపాలెంలో ఈ ‘వలంద’ ఎవరు?

బందరు వాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా మేనత్తని చిన్నప్పుడు అడిగితే "ఏదో ఇంటిపేరు అయ్యుంటుందిలేరా" అనేది. నేనూ అదే అనుకున్నాను.

మొన్న అక్కడి డచ్చివాళ్ల గోరీలు చూడ్డానికి వెళ్లాను. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటే అయినా, నేనున్న గంటసేపట్లో రెండు మేకలు తప్ప ఎవరూ రాలేదు. పెద్ద పెద్ద బండలు. పైన డాలు, దాని మీద శిరస్త్రాణం, కింద వరసగా అక్షరాలు. ఒకదాని మీద సీసాలో నీళ్లు పోసి అరచేత్తో రుద్దితే మొదటి వరస తేలింది: ‘హీర్ లైట్ బెఖ్రావన్’. తర్వాత ఎక్కడో ‘హౌస్‌వ్రౌ’ అని ఉంది. మిగతాది పాచి. ఎవరి కుటుంబమో ఏమో!

జవాబు: వలంద అంటే హాలండేనండీ, డచ్చివాళ్ల దేశం. డచ్చి కంపెనీ 1606 నాటికే బందరులో వర్తకం మొదలుపెట్టింది. అంతకుముందే ఈ తీరంలో తిరిగిన బుడతకీచుల (పోర్చుగీసువాళ్ల) భాషలో హాలండుని ‘ఓలాంద’ అంటారు, హకారం పలకదు. మన నోట్లో ఒ, వ ఎలాగూ మారిపోతుంటాయి కదా: ఒళ్లు, వళ్లు, ఒద్దు, వద్దు. అలా వలంద అయి ఉంటుంది. మీరు చదివిన వరసకి ‘ఇక్కడ పూడ్చబడినది’ అని అర్థం. వాళ్ల సమాధుల మీద మామూలుగా ఉండే మొదలే. రెండోది ఇంకా బాగుంటుంది. హౌస్ అంటే ఇల్లు, వ్రౌ అంటే ఆలు. అచ్చంగా మన ‘ఇల్లాలు’!

కుటుంబం ఎవరో తెలుసుకోవాలంటే, అలెగ్జాండర్ రియా 1897లో ఈ డచ్చి కట్టడాల మీద వేసిన పుస్తకం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి శాసనాలని జె.జె. కాటన్ 1905లో అచ్చేశాడు. ఇప్పుడు రాయి మీద కనపడని అక్షరం అప్పటి కాగితం మీద దొరకొచ్చు.

మళ్లీ నేనే: ధన్యవాదాలు మాస్టారూ! ఇల్లాలు దగ్గర ఆగిపోయాను. భర్త పేరు ఆ మాట తర్వాతే ఉండాలి, నా ఫొటోలో సరిగ్గా అక్కడే నా నీడ పడింది. వచ్చేవారం పొద్దున్నే వెళ్తాను.

అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్లదని మాకు బళ్లోనే చెప్పారు. ఇంగ్లీషుపాలెం సంగతి అడగనే అక్కర్లేదు. మరి ఈ వలంద గురించి ఒక్కరూ చెప్పలేదేంరా?" అంది.