చర్చ: ఇండియా వెళ్ళొచ్చిన సూట్‌కేసుని కాస్ట్‌కోలో వాపసు ఇవ్వడం హక్కా, కక్కుర్తా?

ఇర్వింగ్_ఇల్లాలు
తెలిసినవాళ్ళ కేసు. కాస్ట్‌కోలో, అంటే ఏటా సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళకే అమ్మే అమెరికా గిడ్డంగి దుకాణంలో, రెండు పెట్టెల హార్డ్‌షెల్ (గట్టి పెంకు) సూట్‌కేసు సెట్టు కొన్నారు. ఏడు నెలలైంది. హైదరాబాదు వెళ్ళి మొన్ననే వచ్చారు. పెద్ద పెట్టెకి ఒక చక్రం ఊడింది, చిన్నది నిక్షేపంగా ఉంది. రసీదు లేదు. రెండూ పట్టుకెళ్ళి ఇచ్చేస్తే డబ్బంతా వస్తుందని ఇంట్లో ఒకరు, సిగ్గుమాలిన పని అని ఇంకొకరు. తీసుకుంటారా అన్నది ఒక ప్రశ్న, ఇవ్వొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటికీ జవాబు చెప్పండి.

గోంగూర_99
"తెలిసినవాళ్ళు" 😀 సరే సరే.

లెక్కలమాస్టారు
తీసుకుంటారు. రసీదు అక్కర్లేదు. మెంబర్‌షిప్ కార్డు స్కాన్ చేస్తే ఏ రోజు ఏం కొన్నారో స్క్రీన్ మీద వచ్చేస్తుంది. సెట్టుకి ఒకటే ఐటమ్ నంబరు ఉంటుంది కాబట్టి రెండు పెట్టెలూ తీసుకెళ్ళమనండి. పెద్దది ఒక్కటే పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర బేరం మొదలవుతుంది. ఏ కార్డుతో కొన్నారో దాంట్లోకే డబ్బు వస్తుంది. ఎక్కువ రుసుము కట్టే ఎగ్జిక్యూటివ్ మెంబర్లైతే ఆ కొనుగోలు మీద పడ్డ 2 శాతం రివార్డు కూడా కోత పడుతుంది, అది మర్చిపోవద్దు.

ఇవ్వొచ్చా అంటారా? తృప్తి లేకపోతే డబ్బు వాపసు అని రాసుకున్నది వాళ్ళు. గడువు వేటికి పెట్టాలో కూడా వాళ్ళే రాసుకున్నారు. టీవీలు, ప్రొజెక్టర్లు, కంప్యూటర్లు, టాబ్లెట్లు, ఫోన్లు, స్మార్ట్ వాచీలు, కెమెరాలు, డ్రోన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి పెద్ద సామాన్లు 90 రోజులు. టైర్లూ బ్యాటరీలూ వాటి వారంటీ ప్రకారం. బంగారం బిస్కెట్లు, గిఫ్టు కార్డులు, టికెట్లు అసలు వాపసు లేవు. ఇందులో సూట్‌కేసు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే నేను నోరు మూసుకుంటాను.

ఎడిసన్_సుబ్బారావు
మాస్టారూ, లిస్టులో లేకపోతే హక్కు అయిపోతుందా? "తృప్తి లేకపోతే" అన్నారు మీరే. ఏడు నెలలు వాడి, 23 కిలోల ఆవకాయా అప్పడాలూ మోయించి, రెండు ఖండాలు తిప్పి, అప్పుడు కలిగిన అతృప్తి ఏ రకం అతృప్తి? పెట్టెలో లోపం ఉంటే మొదటి వారంలోనే తెలుస్తుంది. జిప్పు పళ్ళు తప్పుతాయి, లాగుడు హ్యాండిల్ బటన్ నొక్కితే దిగదు, తాళం నంబరు పట్టదు. చక్రం ఊడటం పెట్టె లోపం కాదు. బెల్టు మీద నుంచి విసిరేసినవాడి లోపం.

పానా_నంబర్_10
చక్రం ఊడిందా, విరిగిందా? రెండూ ఒకటి కాదు. హౌసింగ్ అంటే ఆ నల్ల ప్లాస్టిక్ కప్పు పెట్టెకే ఉండి చక్రం మాత్రం పోయిందా, లేక హౌసింగ్‌తో సహా ఊడి పెట్టెకి కన్నం పడిందా? ఫోటో పెట్టండి.

లెక్కలమాస్టారు
సుబ్బారావు గారూ, విసిరితే ఊడే చక్రం చెక్-ఇన్ సామానుకి పనికిరాని చక్రం. అదే లోపం. చెక్-ఇన్ పెట్టె అని అమ్మినప్పుడు విసురుడు కూడా వాడకంలో భాగమే. పూలపల్లకీలో ఊరేగించడానికి కొంటామా?

వరంగల్_పోరడు
ఏందన్నా, పెట్టె గురించి పొద్దుగాల్నుంచి గింత పంచాయితీ. మొన్న వాట్సాప్ గ్రూపుల ఒకాయన రైస్ కుక్కర్ ఇండియాకి తీస్కపోయి కాలవెట్టి మళ్ల తెచ్చి వాపసు ఇచ్చిండట. దాని ముంగట ఇదెంత?

ఎడిసన్_సుబ్బారావు
అదిగో, చూశారా! అది ఎవరి లోపం మాస్టారూ? 120 వోల్టుల కుక్కర్ని తీసుకెళ్ళి 230లో గుచ్చితే కాయిల్ మీద దాదాపు నాలుగు రెట్ల పవర్ పడుతుంది. 700 వాట్లది 2,500 దాటి లాగుతుంది. థర్మల్ ఫ్యూజ్ ఎగిరిపోతే అదృష్టం, లేదంటే అడుగుపళ్ళెం మాడిపోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు. ఛార్జర్ మీద 100-240 అని ఉంటే ఫరవాలేదు. వేడి చేసే వస్తువులకి వోల్టేజీ తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అదీ కుక్కర్ వాట్లకి ఒకటిన్నర రెట్లు పైన ఉండాలి. దాని ధరా బరువూ చూస్తే అక్కడే కొత్త కుక్కర్ కొనుక్కోవడం నయం. ఇది తెలియక కాల్చుకుని, "పనిచేయలేదు" అని కౌంటర్ మీద పెట్టడం హక్కేనా?

లెక్కలమాస్టారు
కుక్కర్ సంగతి నేనెత్తానా? ప్రశ్న సూట్‌కేసు గురించి.

కౌంటర్‌కి_అవతల
రిటర్న్ కౌంటర్ పని ఎలా ఉంటుందో తెలియక రెండు వైపులా గాల్లో కొడుతున్నారు. ఇలాంటి గిడ్డంగి దుకాణాల్లో వాపసు వచ్చిన ప్రతిదానికీ ఒక కారణం నమోదు అవుతుంది. సీలు తీయనిది షెల్ఫుకి వెళ్తుంది. తినే వస్తువులు సీలున్నా సరే మళ్ళీ అమ్మరు. వాడినవాటికి ఎక్కువగా రెండు దారులు. సప్లయర్ ఒప్పందంలో ఉంటే వాడికి తిప్పి పంపుతారు లేదా వాడి లెక్కలో కోత కోస్తారు. లేకపోతే పాత సరుకు లాట్లుగా కొనేవాళ్ళకి చవగ్గా పోతుంది. గీతలు పడ్డ సూట్‌కేసుని తుడిచి మళ్ళీ అమ్మరు.

అందుకని అసలు విషయం మీరు చెప్పే కారణంలో ఉంది. విమానంలో విరిగిన చక్రానికి "తయారీ లోపం" అని చెబితే ఆ భారం పెట్టె తయారుచేసినవాడి మీద పడుతుంది. "ప్రయాణంలో విరిగింది, మన్నిక నచ్చలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పినా తీసుకునే అవకాశమే ఎక్కువ. అబద్ధం అక్కర్లేని చోట ఎందుకు ఆడటం?

ఇంకొకటి, మీరెవరూ ఎయిర్‌లైన్ మాట ఎత్తలేదు. అంతర్జాతీయ ప్రయాణంలో చెక్-ఇన్ సామాను దెబ్బతింటే, చేతికొచ్చిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మాంట్రియల్ ఒప్పందంలో ఉన్న గడువు అది. ఎయిర్‌పోర్టులోనే రిపోర్టు రాయించుకుంటే మంచిది, రాయించకపోయినా 7 రోజుల్లోపు పంపితే చెల్లుతుంది. బోర్డింగ్ పాసు, పెట్టెకి అంటించిన బార్‌కోడ్ ట్యాగు, విరిగినచోట దగ్గరగా ఒక ఫోటో, పెట్టె మొత్తం కనిపించేలా ఇంకో ఫోటో, కొన్న ధరకి రుజువు కావాలి. రసీదు పోతే కౌంటర్‌లో అడగండి, కొనుగోలు వివరాలు కార్డు మీదే ఉంటాయి. వచ్చి ఎన్ని రోజులైంది?

ఇర్వింగ్_ఇల్లాలు
ఐదు.

గోంగూర_99
తెలిసినవాళ్ళకి బాగా దగ్గర్లోనే ఉంటున్నట్టున్నారు.

ఎడిసన్_సుబ్బారావు
కౌంటర్ గారూ, నమస్కారం. నేను చెప్పేదీ అదే. భారం ఎవరిమీదో పడుతుంది. ఆ "ఎవరో" కంటికి కనబడడు కాబట్టి మనకి నొప్పి తెలీదు.

లెక్కలమాస్టారు
భారం మనమీదే పడుతోందండీ, ముందే పడింది! మామూలు సభ్యత్వం, అదే గోల్డ్ స్టార్, ఏడాదికి 60 ఉండేది, 2024 సెప్టెంబరు నుంచి 65 డాలర్లు. ఎగ్జిక్యూటివ్ 120 నుంచి 130. 2024 ఆర్థిక సంవత్సరంలో కాస్ట్‌కోకి మెంబర్‌షిప్ రుసుముల మీదే 480 కోట్ల డాలర్ల పైన వచ్చింది. వ్యాపారం మీద మిగిలిన మొత్తం నిర్వహణ లాభం 930 కోట్ల లోపు. అంటే సగానికి పైగా రుసుమే. సరుకు మీద లాభం పల్చగా ఉంచి, గుమ్మం దాటడానికే డబ్బు తీసుకునే కొట్టు అది. ఆ 65 డాలర్లకి మీరు కొంటున్నది చౌక బియ్యం ఒక్కటే అనుకుంటున్నారా? ఈ వాపసు హామీని కొంటున్నారు. బీమా కట్టి, యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ పెట్టడానికి సిగ్గుపడతారా?

ఎడిసన్_సుబ్బారావు
బీమా అంటున్నారు కదా, బీమావాడు కూడా నాలుగుసార్లు క్లెయిమ్ పెడితే పాలసీ పీకేస్తాడు. కాస్ట్‌కో మెంబర్‌షిప్ షరతుల్లోనూ ఉంది, కారణం చెప్పకుండానే సభ్యత్వం తీసేసే హక్కు వాళ్ళకుంది. చదివారా? ఎలక్ట్రానిక్స్‌కి ఈ 90 రోజుల గడువు 2007 దాకా లేదు. జనం పాత టీవీ ఇచ్చి కొత్తది పట్టుకుపోతుంటే పెట్టారు. రేపు సూట్‌కేసు కూడా ఆ లిస్టులో చేరుతుంది. అప్పుడు నిజంగా లోపమున్న పెట్టె కొన్నవాడు మీలాంటివాళ్ళ పుణ్యమా అని నష్టపోతాడు.

లెక్కలమాస్టారు
"మీలాంటివాళ్ళ" అంటే? నేను వాపసు ఇచ్చానని ఎక్కడన్నా రాశానా?

ఎడిసన్_సుబ్బారావు
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికండీ?

లెక్కలమాస్టారు
మాట తిన్నగా రానివ్వండి. పాలసీ గురించి మాట్లాడుతుంటే దొంగతనం దాకా వెళ్ళారు.

పానా_నంబర్_10
కొట్టుకోవడం అయ్యాక ఎవరైనా ఫోటో పెట్టండి. హౌసింగ్ బాగుంటే ఇది అరగంట పని.

బే_ఏరియా_బుజ్జి
బియ్యం సంగతి కూడా తేల్చండి. 20 పౌన్ల బాస్మతి సగం వాడాక పురుగు పట్టిందని తిరిగి ఇచ్చేవాళ్ళున్నారు. గుడ్లు గింజతోనే వస్తాయి, ఎండాకాలం గరాజులో పెడితే పొదుగుతాయి. బస్తా తెచ్చిన రోజే సంచులుగా కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్లో పెట్టి, తీశాక చెమ్మ ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో పోసుకుంటే ఏడాదైనా ఏమీ కాదు. అది చేయరు. బస్తా మోసుకెళ్ళి లైన్లో నిలబడతారు.

వరంగల్_పోరడు
ఫ్రీజర్ల కరివేపాకు, చింతపండు, మునక్కాయలకే జాగ లేదు బుజ్జక్కా.

ఎడిసన్_సుబ్బారావు
లైను అన్నారు చూడండి, నా బాధ అక్కడుంది. నిజం చెప్పేస్తాను, పెట్టె గురించి కాదు నా గొడవ. మా న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల సెలవుల తర్వాత రిటర్న్ లైన్లో చూడండి, వరసగా సూట్‌కేసులు. హ్యాండిల్‌కి ఎయిర్‌లైన్ ట్యాగు ముక్క ఇంకా వేలాడుతూ ఉంటుంది. పట్టుకున్నవాళ్ళలో ఎంతమంది మనవాళ్ళో లెక్కపెట్టండి. ఆ తర్వాత మామూలుగా చినిగిన దుప్పటి పట్టుకుని వెళ్ళినవాణ్ణి కూడా అదే చూపు చూస్తారు.

లెక్కలమాస్టారు
ఇప్పుడు బయటపడింది. అంటే కాస్ట్‌కో నష్టమూ కాదు, సప్లయర్ కష్టమూ కాదు. వెనకాల నిలబడ్డ తెల్లాయన ఏమనుకుంటాడో అన్న భయం. 2018 జనవరిలో ఒక అమెరికన్ ఆవిడ ఎండిపోయిన క్రిస్మస్ చెట్టుని కౌంటర్ మీద పెట్టి డబ్బు అడిగితే వార్తల్లో నవ్వుకున్నారు, అంతే. "వాళ్ళ జాతే అంత" అని ఎవరన్నా అన్నారా? మన దగ్గరికొచ్చేసరికి ఒక చక్రానికి జాతి మొత్తం తలదించుకోవాలా?

ఎడిసన్_సుబ్బారావు
భయం అనుకోండి, పరువు అనుకోండి. మీరు కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఎక్కడుంటారో తెలీదు. కొత్తగా వచ్చిన పిల్లలకి అద్దె ఇల్లు వెతికిపెట్టేవాళ్ళని అడగండి, "మీవాళ్ళు" అనే మాట ఎంత ఖరీదైందో. ఆ ఖరీదు 65 డాలర్ల రుసుములో ఉండదు.

లెక్కలమాస్టారు
ఇల్లు ఇవ్వనివాడు సూట్‌కేసు చూసి మానేయలేదండీ. మానేయాలనుకున్నాడు, సూట్‌కేసు దొరికింది. మీరు వాడి తరఫున మనవాళ్ళ మీద కాపలా కాస్తున్నారు, జీతం లేకుండా.

ఎడిసన్_సుబ్బారావు
కాస్తాను. ఎవరో ఒకరు కాయాలి.

కౌంటర్‌కి_అవతల
ఒక్క మాట చెప్పి పోతాను. కౌంటర్‌లో నిలబడేవాళ్ళు ఎనిమిది గంటల షిఫ్టులో గుర్తుపెట్టుకునేది ఏ జాతివాళ్ళు ఏం తెచ్చారన్నది కాదు. పెట్టె ఖాళీ చేయకుండా తెచ్చినవాళ్ళని. లైనింగ్ జేబులన్నీ చూసుకుని ఇవ్వండి బాబూ. పాస్‌పోర్టు ఫోటోలు, మందుల చీటీలు, ఒక్కోసారి మామిడి తాండ్ర.

గోంగూర_99
తాండ్ర వాపసు ఇస్తారా?

ఇర్వింగ్_ఇల్లాలు
సరే, తెలిసినవాళ్ళం మేమే. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టేశాం, ట్యాగు పాస్‌పోర్టు కవరులో దొరికింది. పెట్టె ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళ జవాబు వచ్చాక. పానా గారూ, మీరడిగింది చూశాను. హౌసింగ్ బాగానే ఉంది. రబ్బరు చుట్టు పగిలి చక్రం రెండు ముక్కలైంది, మధ్య పుల్ల (ఇరుసు) అలాగే ఉంది. లోపల లైనింగ్ జిప్పు తీస్తే మరలేమీ కనబడలేదు, రివెట్లే ఉన్నాయి.

ఎడిసన్_సుబ్బారావు
సంతోషం అమ్మా. చూశారా మాస్టారూ, వాపసు ఇవ్వలేదు.

లెక్కలమాస్టారు
ఇవ్వనని చెప్పలేదు. "జవాబు వచ్చాక" అన్నారు. చదవండి.

పానా_నంబర్_10
రివెట్లు ముట్టుకోకండి, హౌసింగ్ కదలాల్సిన పని లేదు. ఆ మధ్య పుల్లనే హౌసింగ్ గోడకీ చక్రానికీ మధ్య సందులో రంపం పెట్టి కోయాలి. ఇనుప రంపం, అంగుళానికి 24 పళ్ళ బ్లేడు. అంతకంటే ముతకది పెడితే పుల్ల మీద ఎగిరి ప్లాస్టిక్ చీరుతుంది. ప్లాస్టిక్‌కి అడ్డంగా ఒక పాత ఏటీఎం కార్డు పెట్టుకోండి. తీశాక పాత చక్రం అడ్డం కొలత, మందం, పుల్ల లావు మూడూ కొలవండి. ఎక్కువగా 50 లేదా 60 మిల్లీమీటర్ల చక్రం, 6 మిల్లీమీటర్ల పుల్ల ఉంటాయి. మందం 2 మిల్లీమీటర్లు ఎక్కువైనా హౌసింగ్‌కి రాసుకుని తిరగదు. పుల్లతో, వాషర్లతో కలిపి ఆన్‌లైన్లో జతలుగా దొరుకుతాయి. జత మారిస్తేనే పెట్టె వంకరగా పోకుండా ఉంటుంది. అన్నట్టు ఎయిర్‌లైన్‌వాళ్ళు పెట్టె చూపించమంటారేమో, వాళ్ళ జవాబు వచ్చేదాకా కోయకండి.