అప్‌డేట్: మోనో స్కీయా, బై స్కీయా? మా తమ్ముడి విషయం తేలింది

వెన్నుపాము గాయం వల్ల ఛాతీ కింది నుంచి కదలిక, స్పర్శ లేని మా తమ్ముడికి స్కీలనే పొడవాటి పలకలతో మంచు వాలు మీద జారే స్కీయింగ్‌ను కూర్చుని చేయడానికి ఏ పరికరం నప్పుతుందని, నేను వాలంటీరుగా పనికివస్తానా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఏదీ కొనకముందే శిక్షకులకు చూపించమన్న సలహాయే పనికివచ్చింది. కొలరాడోలోని వింటర్ పార్క్‌లో, అవయవాలు కోల్పోయిన పిల్లలకు స్కీయింగ్ నేర్పడంతో 1970లో మొదలైన నేషనల్ స్పోర్ట్స్ సెంటర్ ఫర్ ది డిజేబుల్డ్ అనే వికలాంగుల క్రీడా కేంద్రానికి వెళ్లాము. అక్కడి శిక్షకురాలు, ఒకే స్కీ మీద నిలిచే మోనో స్కీకి నడుము పైభాగపు పట్టు బాగా అవసరమని, తమ్ముడికి అది తక్కువ కాబట్టి రెండు స్కీలతో స్థిరంగా ఉండే బై స్కీ మేలని, వెనుక నుంచి తాను పట్టీలతో వేగాన్ని అదుపు చేస్తానని చెప్పారు. ముందు ప్రశ్నలో నేను అంత వివరంగా రాసిన తమ్ముడి భుజబలం సంగతి ఈ నిర్ణయంలో లెక్కకే రాలేదు.

ఎవరూ ప్రస్తావించని ముఖ్య విషయం ఒకటుంది: స్పర్శ లేనిచోట చలి, ఒత్తిడి తెలియవు కనుక, సీటులో తగిన మెత్త వేసి, విరామాలలో పాదాలను, చర్మాన్ని చూస్తూ ఉండాలి.

ఇక వాలంటీరు పనికి నిపుణుడైన స్కీయరే కానక్కరలేదట. శిక్షణ తరువాత నాకు పరికరాలు సర్దడం, స్కీయర్లను వాలు పైకి చేర్చే లిఫ్టు దగ్గర సాయపడటం అప్పగించారు. వాలు మీద వెనుక కాపుగా వెళ్లే పని మాత్రం అనుభవజ్ఞులదే.