‘అంతర్గత లక్షణం’ అంటే బలహీనమైనదా, దాగి ఉన్నదా?

గట్టుమీద రాజు (భీమవరం)
మా అబ్బాయి పదో తరగతి. నిన్న జీవశాస్త్రం చదువుతూ “అంతర్గత లక్షణం అంటే ఏంటి నాన్నా” అని అడిగాడు. బహిర్గతం అంటే బలమైన గుణం, అంతర్గతం అంటే బలహీనమైన గుణం, బలమైనది పక్కనుంటే ఓడిపోతుంది అని చెప్పాను. అది తప్పని ట్యూషన్‌లో అన్నారట. తప్పెలా అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

అమలాపురం మాస్టారు
రాజు గారూ, తప్పే. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ‘బలహీనం’ అని రాస్తే నేను మార్కు వేసేవాణ్ని కాదు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ ఊదా పూల బఠాణీని తెల్ల పూల బఠాణీతో కలిపితే మొదటి తరంలో అన్నీ ఊదా పూలే పూశాయి. తెలుపు ఓడిపోయి పోయిందా? ఆ మొక్కల విత్తనాలే వేస్తే రెండో తరంలో 705 ఊదా, 224 తెల్లవి వచ్చాయి. సుమారు మూడుకి ఒకటి. పైగా ఆ తెలుపు అచ్చం తాతల నాటి తెలుపే, ఏమీ వెలిసిపోలేదు. సంకర మొక్కల్లో వెనక్కి తగ్గి, తర్వాతి తరంలో మారకుండా మళ్లీ కనిపిస్తుంది కాబట్టే దానికి ‘రిసెసివ్’ అని పేరు పెట్టానని 1866లో అచ్చయిన వ్యాసంలో ఆయనే రాశాడు. మన పుస్తకాల్లో ‘అంతర్గతం’ అన్నది చక్కటి మాట. దాన్ని కదపక్కర్లేదు.

వరిచేను (ఆచంట)
బలహీనం అనే మాట మా ఊళ్లో చెల్లదండి. 1967లో మా ఊరి రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఇక్కడే ఐఆర్-8 అనే కొత్త వరి వంగడం వేశారు. దాని తండ్రి తైవాన్ పొట్టి రకం, తల్లి ఇండోనేషియా పొడుగు రకం. రెండూ కలిపితే మొదటి తరం మొత్తం పొడుగే వచ్చింది. రెండో తరంలో నాలుగో వంతు పొట్టివి తేలాయి. అంటే ఆ పొట్టితనం అంతర్గత గుణం. పాత పొడుగు రకాలకి ఎరువు ఎక్కువేస్తే కంకి బరువుకి చేను పడిపోయేది. పొట్టిది నిలబడింది, గింజ ఇచ్చింది. డెల్టాలో పుట్లకి పుట్లు పండించిన గుణాన్ని బలహీనం అని పిల్లాడికి ఎలా చెప్తాం?

శశి_కాకినాడ
అంతర్గతం అంటే అరుదు అనీ కాదు. ఓ గ్రూపు రక్తం కూడా అంతర్గతమే. మా ఇంట్లో ఐదుగురిలో నలుగురం ఓ. ఆరో వేలు చాలాసార్లు బహిర్గతం, కానీ అది ఎంతమందికి ఉంటుంది?

సత్యవేణి (పాలకొల్లు)
మాస్టారూ, చక్కటి మాట అన్నారు. ఆ మాట వల్ల నాకేం జరిగిందో చెప్తాను.

నాది మేనరికం, మా మేనమామనే చేసుకున్నాను. పాపకి తలసీమియా, అంటే రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు. మూడు వారాలకోసారి రాజమండ్రి తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తున్నాం. తేలిన రోజు డాక్టరు గారు “ఇది అంతర్గత లక్షణం అమ్మా” అన్నారు. మా అత్తగారు అంతర్గతం అంటే లోపలిది, అంటే నా కడుపులో ఉన్న దోషం అనుకున్నారు. ఊరందరికీ అదే చెప్పారు. మా అత్తగారంటే ఎవరో కాదు, నన్ను పెంచిన మా అమ్మమ్మే. “మా వంశంలో లేదు, మీ నాన్న వైపు నుంచి తెచ్చావు” అన్నారు. తర్వాత అందరం పరీక్ష చేయించుకున్నాం. నాన్నకి ఆ జన్యువు లేదు. అమ్మకి ఉంది, మా ఆయనకి ఉంది, నాకు ఉంది. అమ్మా, మా ఆయనా ఒక తల్లి బిడ్డలు. ఆవిడ ఇంటి నుంచే రెండు వైపులా వచ్చింది.

‘దాగిన గుణం’ అనో, ‘గుప్త లక్షణం’ అనో అని ఉంటే ఆవిడకి వెంటనే తెలిసేది.

అమలాపురం మాస్టారు
అమ్మా, మీ కష్టం వింటే బాధగా ఉంది. కానీ మాటని తప్పు పట్టకండి. ‘అంతర్గతం’ అంటే లోపల ఇమిడి ఉన్నది. ‘గుప్తం’ అంటే దాచినది. దాచడానికి ఒక మనిషి ఉండాలి. జన్యువుని ఎవరూ దాచలేదు. ‘దాగిన’ అన్నా అదే వాసన. శాస్త్రంలో అలాంటి మాట రాకూడదు.

శశి_కాకినాడ
చంద్రుడు మబ్బులో దాగితే ఎవరు దాచారు మాస్టారూ?

ల్యాబ్ పని (తణుకు)
ఒక చిన్న సంగతి. తలసీమియా వాహకుల్లో, అంటే ఆ జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేనివాళ్లలో, అది పూర్తిగా దాగి ఉండదండి. ఎర్ర కణాలు చిన్నగా ఉంటాయి, రక్తం కొంచెం తక్కువగా ఉంటుంది. చాలామందికి ఐరన్ మాత్రలు రాసేసి వదిలేస్తారు. హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తే అది 3.5 శాతం దాటి కనిపిస్తుంది. కాబట్టి దాగింది మన కంటికే, మిషన్‌కి కాదు. జబ్బు అంతర్గతం, పరీక్షలో మాత్రం బయటే ఉంటుంది.

గట్టుమీద రాజు (భీమవరం)
మా వాడు పరీక్షలో ఏం రాయాలో ఒక్క ముక్కలో చెప్పండి.

ల్యాబ్ పని (తణుకు)
అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే జన్యువుల జతలో రెండూ ఆ లక్షణానివే అయినప్పుడు మాత్రమే బయటపడే లక్షణం.

సత్యవేణి (పాలకొల్లు)
మాస్టారూ, మీరు మాట దగ్గరే ఆగిపోతున్నారు. అమ్మానాన్నలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకీ నాలుగో వంతు భయం ఉంటుంది. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదని కాదు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇది మా పెళ్లికి ముందు ఒక్కరు చెప్పలేదు. మేనరికం అంటే ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్లముందే ఉంటుంది, ఇవే మాట్లాడారు. మీరు ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు కదా. బఠాణీల తర్వాత మన ఇళ్ల సంగతి ఏనాడైనా చెప్పారా? తరగతిలో ఎంతోమంది ఆడపిల్లలు మేనమామకో, బావకో వెళ్లేవాళ్లే కదా!

అమలాపురం మాస్టారు
చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా వినండి.

మా అమ్మాయికి బయటి సంబంధం కుదిరింది. మేనరికం కాదు. తను తలసీమియా వాహకురాలు అని తెలిస్తే మేమే వెళ్లి రిపోర్టు చూపించాం. అబ్బాయి తల్లి “దాగిన జబ్బు ఉన్న పిల్లట, ఇన్నాళ్లు దాచారట” అని వాట్సాప్‌లో పెట్టింది. తాంబూలాలు వెనక్కి వచ్చాయి. నా కూతురికి జబ్బు లేదు. కానీ ‘దాగిన’ అనే ఒక్క మాటతో ఊళ్లో తలెత్తుకోకుండా చేశారు. ఆరేళ్లయింది. ఇంకా పెళ్లి కాలేదు. మీరు ఆ మాటే పుస్తకంలో పెట్టమంటున్నారు!

వరిచేను (ఆచంట)
అబ్బాయికి లేకపోతే పిల్లలకి జబ్బు రాదు కదండీ?

ల్యాబ్ పని (తణుకు)
రాదు. సగం మంది పిల్లలు వాహకులు కావచ్చు, అంతే. ఆ అబ్బాయికి పరీక్ష చేయించారా మాస్టారూ?

అమలాపురం మాస్టారు
అడిగితే “మా వాడికెందుకు పరీక్ష” అన్నారు.

సత్యవేణి (పాలకొల్లు)
నన్ను మన్నించండి మాస్టారూ. మీ అమ్మాయి సంగతి తెలీక అరిచాను. కానీ మీరు చూపించింది తప్పు కాదు. వాళ్లు చేసింది తప్పు.

మా తమ్ముడికి ఇప్పుడు సంబంధం చూస్తున్నారు. వాడికీ పరీక్ష చేయిస్తే ఉందని తేలింది. అమ్మాయి వాళ్లకి చెప్పమని పది రోజుల్నుంచి నాన్న వెంట పడుతున్నాను. ముహూర్తం పెట్టాక చూద్దాం అంటున్నారు.

అమలాపురం మాస్టారు
ముహూర్తం దాకా ఆగొద్దని చెప్పండి. కానీ తొందరపడి రిపోర్టు బయట పెట్టొద్దు. ముందు ఆ అమ్మాయికి పరీక్ష చేయించమనండి. ఆమెకి లేదంటే ఇక చెప్పాల్సిన పనే ఉండదు.

సత్యవేణి (పాలకొల్లు)
మావాడికి ఉందని చెప్పకుండా వాళ్ల పిల్లని రక్తం ఇమ్మని ఎలా అడుగుతాం మాస్టారూ?