కెర్నల్ మారాక లాన్ కార్డు ఆగిపోతోంది, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా డీటీపీ షాపులోని లినక్స్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) 5.15 నుంచి 6.8కి మారింది. అప్పట్నుంచి పెద్ద ఫైలు కాపీకి పెడితే చాలు, లాన్ ఆగిపోతోంది. కెర్నల్ లాగ్‌లో "నెట్‌డెవ్ వాచ్‌డాగ్... ట్రాన్స్‌మిట్ క్యూ 0 టైమ్డ్ ఔట్" అని వస్తోంది, అంటే కార్డు డేటాను సమయానికి పంపలేకపోతోందని. డ్రైవర్ కెర్నల్‌తోపాటే వచ్చే ఆర్8169. కేబులూ, స్విచ్ పోర్టూ మార్చి చూశాను, ఫలితం లేదు. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే మాత్రం రోజంతా నిక్షేపంగా నడుస్తోంది, అందుకే కార్డు పోలేదనే నా నమ్మకం.

బూట్ లైన్‌లో పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్ (కార్డుల పవర్ పొదుపును ఆపే సెట్టింగ్) పెడితే సరిపోతుందా, లేక డీకేఎంఎస్‌తో (కెర్నల్‌కు తగ్గట్టు డ్రైవర్‌ను బిల్డ్ చేసే టూల్) రియల్‌టెక్ కంపెనీ సొంత ఆర్8168 డ్రైవర్ వేసుకోవాలా? రెండోదైతే కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ బిల్డ్ అవ్వాలి. అది ఫెయిలైతే అసలు నెట్టే ఉండదు, నా భయమంతా అదే. పెళ్లి కార్డుల సీజన్, ప్రింటర్ కూడా ఈ లాన్ మీదే ఉంది. ఈ ఇబ్బంది పడి బయటపడ్డవాళ్లు దయచేసి చెప్పండి.